నానమ్మ చెంచా కింద పెట్టేదాకా

రెండో రిపోర్టులో అంకె తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

ఆ కాగితం భోజనాల బల్ల మీద ఉంది. దానికి ఒక పక్క మందులమ్మ, ఇంకో పక్క ఆమె మొగుడు నిలబడి ఉన్నారు. ఇద్దరూ కాగితాన్నే చూస్తున్నారు గానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు. పన్నెండేళ్ళ కూతురు ఆసుపత్రి నుంచి వస్తూనే, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. నానమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎన్నడూ లేనిది, నోరు మెదపకుండా వీధిలోకి చూస్తోంది.

ఆవిడ అలా మాటా పలుకూ లేకుండా కూర్చోవడమే ఆ ఇంట్లో పెద్ద వింత. కానీ ఆ పూట దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

మందులమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టదు. మందుల షాపు కౌంటరు వెనక పదకొండేళ్ళుగా నిలబడుతోంది కాబట్టి మందులమ్మ, అంతే. సరిగ్గా రోడ్డుకి అవతల, ఎర్ర బోర్డు కింద, వేపుడు తిండి అమ్మే షాపులో ఆమె మొగుడు వంట మాస్టరు. మొగుడు కడుపు నింపి పంపిస్తాడు, పెళ్ళాం మందు ఇచ్చి పంపిస్తుంది, కస్టమరు రోడ్డు దాటితే చాలునని వీధిలో పాత జోకు ఒకటి ఉంది. ఆ జోకుకి మందులమ్మ కూడా చాలా ఏళ్ళు పగలబడి నవ్వింది. ఆరు వారాల కిందట, పిల్ల కాలేయానికి కొవ్వు పట్టిందని, రక్తంలో దాని అంకె ఎక్కువుందని మొదటి రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆమెకి అది నవ్వులాటగా అనిపించడం మానేసింది.

"డాక్టరమ్మ ఏమంది?" అన్నాడు మాస్టరు చివరికి.

"నాలుగు వారాలు గడువిచ్చింది. అప్పటికీ తగ్గకపోతే సూది గుచ్చి కాలేయంలోంచి ముక్క తీసి చూడాలట. రెండు రోజులు ఆసుపత్రిలో పడుకోబెట్టాలి."

మాస్టరు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మందులమ్మ కూర్చోలేదు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది, దాన్ని ఎలా చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచించుకుంటూనే వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి ఆలోచించుకున్నదంతా గాలికి పోయింది.

"ఇంట్లో ఎవరో దొంగచాటుగా పెడుతున్నారమ్మా, కనుక్కో అంది. నాకు తల కొట్టేసినట్టయింది."

"అంటే? నేనా?"

"నేను ఎవరి పేరూ ఎత్తలేదు."

"ఎత్తక్కర్లేదులే. నా చొక్కా జేబులు నువ్వు వాసన చూడటం నేను చూశాను."

చూసింది నిజమే, అతను కనిపెట్టిందీ నిజమే. కాబట్టి మందులమ్మ ఆ సంగతి కాదనలేదు. ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. వేయించిన ట్రేని, వేడి తగ్గకుండా ఉంచే ఎర్రదీపం కింద పెట్టగానే టైమరు తిప్పుతారు. అది మోగిందంటే ట్రేలో ఎంత మిగిలినా అమ్మడానికి వీల్లేదు, చెత్తలో పారేయాలి. పనిచేసేవాళ్ళు కావాలంటే పొట్లం కట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళచ్చు. మాస్టరు తొమ్మిదేళ్ళు క్రమం తప్పకుండా ఆ పొట్లం ఇంటికి తెచ్చాడు. వీధి మలుపులో తండ్రి చెప్పుల చప్పుడు వినబడగానే పిల్ల గుమ్మంలోకి ఒక్క పరుగు తీసేది. నాన్న అంటే పొట్లం, పొట్లం అంటే నాన్న. ఆ పొట్లం మధ్యలో పెట్టుకుని నలుగురూ వేళ్ళు నాక్కుంటూ కూర్చున్న సాయంత్రాలు మందులమ్మకి ఇప్పటికీ సంతోషంగానే గుర్తొస్తాయి. అబద్ధం ఆడటం ఎందుకు.

మొదటి రిపోర్టుతో పొట్లం బంద్ అయింది. మాస్టరు పిల్ల నెత్తిమీద చెయ్యేసి ఒట్టేశాడు. సాయంత్రం వంట తనే చేస్తానన్నాడు. కూరగాయలు, బీన్స్, సూపు, కాల్చిన చికెన్, అన్నీ కొలిచినంత నూనెలో చేస్తున్నాడు. మందుల షాపులో రెండో అమ్మాయి కాన్పుకి వెళ్ళడంతో మందులమ్మకి ఆరు వారాలుగా మధ్యాహ్నం నుంచి రాత్రి తొమ్మిదిదాకా డ్యూటీ, సెలవన్న మాటే లేదు. ఆమె ఇంటికొచ్చేసరికి గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి, తన వాటా మూతపెట్టి ఉండేది. ఎంత బుద్ధిగా మారిపోయాడు ఈ మనిషి అని మురిసిపోయింది కూడా. మరి ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"ఆరు వారాల్లో ఒక్క పొట్లం తెచ్చానేమో అమ్మని అడుగు," అన్నాడు మాస్టరు. "నా కూతురికి నేను విషం పెడతానా?"

"విషం అని ఎవరన్నారండీ? ముద్దు ఎక్కువై పెడతారేమోనని నా భయం."

అత్తయ్యని అడగమన్నాడు కదా అని మందులమ్మ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ తేలు కుట్టిన దొంగలా ఇంకాస్త వీధిలోకి వంగి, ఎవరో వస్తున్నట్టు చూసింది. ఎవరూ రావడం లేదు.

మందులమ్మ వెళ్ళి పిల్ల గది తలుపు తట్టింది. ఈ పిల్ల నెలలు నిండకుండా, గుప్పెడంత పుట్టింది. అందుకని అప్పుడు పిచ్చుక అని పిలిచారు. ఇప్పుడు పై నుంచి కింద దాకా బొద్దుగా అయినా ఆ పిలుపు పోలేదు. బళ్ళో ఎవరో ఆ పేరు విని నవ్వారని పోయిన నెల ఒకరోజంతా ఏడ్చింది.

"పిచ్చుకా, తలుపు తియ్యమ్మా. తిట్టను."

"బయట నేనేం తినలేదమ్మా. ఒట్టు. నాన్న పెట్టింది తప్ప ఏమీ ముట్టుకోలేదు. అయినా పెరిగింది. అంటే నేను ఇంతేనేమో."

పన్నెండేళ్ళకే 'నేను ఇంతేనేమో' అనుకుంటే ఇంక ముందు ముందు ఏమనుకుంటుంది? రోజూ కౌంటరు దగ్గర చూస్తూనే ఉంది. పదకొండేళ్ళ కిందట బీపీ బిళ్ళలకి చీటీ పట్టుకొచ్చేవాళ్ళు తాతలూ నానమ్మలూను. ఇప్పుడు చెవిలో తీగలు పెట్టుకుని, ఒక చేత్తో చల్లటి తీపి డ్రింకు గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో చీటీ ఇస్తున్నారు. వయసు చూస్తే ఇరవై నాలుగు, ఇరవై ఆరు. వాళ్ళందరికీ బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఆమె ఏమీ అనుకోలేదు. ఎవరి పిల్లలో కదా.

తలుపు తెరుచుకుంది. పిల్ల తనంతట తనే బడి సంచీ తెచ్చి మంచం మీద బోర్లించింది. పుస్తకాలు, విరిగిన స్కేలు, ఒక జడ క్లిప్పు. తినేదేమీ లేదు. మందులమ్మకి చచ్చేంత సిగ్గేసింది. అన్నీ తిరిగి సర్దిపెట్టి, పిల్ల కళ్ళు తుడిచి, అన్నానికి రమ్మంది.

ఆరు వారాల తర్వాత నలుగురూ కలిసి తింటున్న మొదటి భోజనం అది. ఆసుపత్రికని మందులమ్మ ఆ రోజుకి సెలవు అడుక్కుంది. మాస్టరుకి ఎటూ సెలవే.

వంటింట్లో అతని చేతులు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాలుగు గిన్నెలు వరసగా పెట్టాడు. క్యారెట్లు, బీన్స్ పొగలు కక్కుతుండగా సరిసమానంగా వడ్డించాడు. కాల్చిన చికెన్ ముక్కలు పైన పేర్చాడు. గిన్నెలు బల్ల మీద పెట్టి, పక్కనున్న గుండ్రటి టైమరు మెడ తిప్పాడు. అది టిక్ టిక్ మని మొదలైంది.

"ఇదేమిటండీ?" అంది మందులమ్మ.

"పన్నెండు నిమిషాలు. వేడి మీద అయితేనే కూరగాయకి రుచి. చల్లారిందా, గడ్డే. మన పిల్లకి మా షాపు తిండి ఎందుకు నచ్చిందనుకున్నావు? ఎప్పుడు తిన్నా వేడి. ఆ కిటుకు నేను ఇంటికి తెచ్చాను." అతని మొహంలో మళ్ళీ కాస్త వెలుగొచ్చింది. గంట మోగాక గిన్నెలో ఏది మిగిలినా తీసేస్తానని, అయినా ఈ ఆరు వారాల్లో దాదాపు ఏమీ మిగల్లేదని, మొదటి రోజు తప్ప మెతుకు పారేసే పని పడలేదని గొప్పగా చెప్పాడు.

చెప్తూనే తలొంచి తినడం మొదలుపెట్టాడు. పిల్ల అప్పటికే సగం గిన్నె ఖాళీ చేసింది. ఎవరూ మాట్లాడటం లేదు. చెంచాల చప్పుడు, టైమరు చప్పుడు, మధ్యలో మాస్టరు గుటక. మందులమ్మ కూడా ఏదో రైలు తప్పిపోతున్నట్టు గబగబా నోట్లో కుక్కుకుంది. అయిదో నిమిషంలో గిన్నె అడుగు కనపడింది. ఇందాక క్యారెట్టు తిన్నానా, బీన్స్ తిన్నానా అని ఆలోచిస్తే ఆమెకి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నానమ్మ ఒక్కతే నిదానంగా నములుతోంది. ఆవిడ నోట్లో పైన నాలుగు పళ్ళు, కింద రెండు. పైన ఉన్నవాటికీ కింద ఉన్నవాటికీ ఎక్కడా పొంతన లేదు. ఒక్కో ముక్కని దవడ ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుకుంటూ, చిగుళ్ళతో నలిపి, కళ్ళు మూసుకుని మింగాలి. పదో నిమిషానికి ఆవిడ గిన్నెలో సగానికి పైగా అలాగే ఉంది. ఆవిడ టైమరు వంక ఓసారి చూసింది. కొడుకు వంక ఓసారి చూసింది. కొడుకు తలెత్తలేదు. అప్పుడు ఆవిడ మోచేత్తో గిన్నెని మెల్లగా, బల్ల అంచు వెంబడి, మనవరాలి ముందుకి నెట్టింది. పిచ్చుక కిక్కురుమనకుండా దాన్ని అందుకుంది. నాలుగు చెంచాలు, నాలుగు గుటకలు. గిన్నె మళ్ళీ నానమ్మ ముందుకి వచ్చింది. గంట మోగింది.

"చూశావా, అన్నీ ఖాళీ," అన్నాడు మాస్టరు సంబరంగా.

మందులమ్మ అత్తగారి వంక చూసింది. జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఆరు వారాలుగా పిల్ల పెరుగుతోంది, ముసలామె తరుగుతోంది. రోజూ ఇద్దరినీ చూస్తూ కూడా ఆ రెండిటినీ కలిపి చూడలేదు తను.

"అత్తయ్యా, ఎన్నాళ్ళ నుంచి?" అంది.

నానమ్మ మూతి ముడుచుకుని, పమిట చెంగుతో పెదాలు తుడుచుకుంది. ఇంక దాచి లాభం లేదనుకుంది కాబోలు, మొత్తం కక్కేసింది. మొదటి రోజే గంట మోగాక కొడుకు తన గిన్నె లాక్కుని చెత్తబుట్టలో వంచాడట. అంత మంచి తిండి కళ్ళెదుట బుట్టలో పడితే ప్రాణం ఉసూరుమందట. చెప్తే వీడు వింటాడా, షాపులో పందొమ్మిదేళ్ళ అలవాటు, వీడి చెయ్యి వీడి మాటే వినదు. అందుకని పిల్లని పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టిందట.

"బుట్టలో పడేదేదో మనవరాలి పొట్టలో పడితే దండగ కాదు కదా అనుకున్నానే అమ్మాయ్. ఒంటికి మంచి తిండే కదా అని. నాకేం తెలుసు."

"నానమ్మ పాపం తినలేకపోతోందని నేను సాయం చేశానమ్మా," అంది పిచ్చుక. ఇంతసేపటికి ఆ పిల్ల గొంతులో ఏడుపు పోయి, ఆశ్చర్యం వచ్చింది.

తర్వాత మందులమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆరు వారాలు చొక్కా జేబులు వాసన చూసింది, పిల్లని సంచీ బోర్లించేదాకా తెచ్చింది, పక్కింటివాళ్ళ మీద కూడా అనుమానపడింది. తీరా చూస్తే దొంగ ఆరు పళ్ళ ముసలామె, దొంగసొత్తు ఉడికించిన క్యారెట్టు. ఆమె నవ్వు చూసి పిల్ల నవ్వింది, పిల్లని చూసి నానమ్మ ఆ ఆరు పళ్ళూ కనిపించేలా నవ్వింది. కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి, అవి నవ్వుకి వచ్చాయో దేనికి వచ్చాయో మందులమ్మకే తెలీదు.

మాస్టరు నవ్వలేదు. టైమరుని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"మాకు ట్రైనింగులో చెప్పారు," అన్నాడు మెల్లగా. "మనిషి బల్ల దగ్గర ఎనిమిది నిమిషాలు మించి కూర్చోకూడదు. అందుకే కుర్చీలు గట్టిగా ఉంటాయి. అందుకే పాటలు అంత జోరుగా పెడతారు. గబగబా తినేవాడు కడుపు నిండిన సంగతి తెలిసేలోపే ఇంకోటి తినేస్తాడు. ఆ మాట పందొమ్మిదేళ్ళ నుంచి నాకు తెలుసు. షాపు తిండి ఇంట్లోకి రాకూడదని పొట్లం మానేశాను. తిండిని మానేసి షాపునే తెచ్చి ఇంట్లో పెట్టాను."

ఆ మాటకి మందులమ్మ నవ్వు ఆగిపోయింది. మొగుణ్ణి అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అతని మీద జాలేసింది, ప్రేమా కలిగింది. వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. అలా చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో.

ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోను చేసి అంతా చెప్పింది. ఆవిడ కూడా కాసేపు నవ్వి, తర్వాత గంభీరంగా, రోజూ ఒకటిన్నర భోజనం, అదీ పన్నెండు నిమిషాల్లో అయితే ఏ పిల్లకైనా పెరుగుతుందని, అదొక్కటే కారణమని మాత్రం ఇప్పుడే చెప్పలేనని, ముందు అక్కణ్ణుంచి మొదలుపెట్టమని చెప్పింది. గడువు నాలుగు వారాలే. సూది మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. చేసింది నానమ్మ. నేను చెంచా కింద పెట్టేదాకా ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేవకూడదు, అంతే, ఇంకో మాట లేదు. మందులమ్మ షాపు యజమాని కాళ్ళా వేళ్ళా పడి సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా గంట విరామం సంపాదించింది. దానికి బదులు పొద్దున తనే షట్టరు తీసి సరుకు సర్దిపెట్టాలి. పెడతానంది.

మొదటి రెండు రోజులు నరకం. ముద్దకీ ముద్దకీ మధ్య ఏం చెయ్యాలో ఒక్కళ్ళకీ తెలీలేదు. మాస్టరు చేతులు ఊరుకోవు. గిన్నె ఖాళీ అవగానే బల్ల తుడవబోయేవాడు, తల్లి చెంచాతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. నమిలేటప్పుడు మధ్యలో చెంచా కింద పెట్టాలన్న సంగతి మందులమ్మ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. పిచ్చుక ఒక్కో ముద్దకి ఎన్నిసార్లు నమిలిందో పైకి లెక్కపెట్టి అందరి ప్రాణాలూ తీసింది. ఇరవై నిమిషాలకే కాళ్ళు తిమ్మిరెక్కాయి. నానమ్మ మాత్రం మహారాణిలా కూర్చుని, కావాలనే ఇంకాస్త ఆలస్యం చేస్తోందని అందరికీ అనుమానం. ఆ అనుమానం నిజమే.

మూడో రోజు నుంచి మాటలు వచ్చాయి. రాక ఏం చేస్తాయి, అంతసేపు కూర్చుంటే. నానమ్మ తన పెళ్ళిలో వంటవాడు ఉప్పు మరిచిపోయి, మరునాడు పొద్దున దాకా ఎవరికీ మొహం చూపించని కథ చెప్పింది. మందులమ్మ తన షాపుకి వచ్చే ఒకాయన దగ్గు మందు రుచి చూసి మరీ కొంటాడని చెప్పింది. మాస్టరుకి బడిలో ఉన్నప్పుడు పరుగు పందెంలో మొదటి బహుమతి వచ్చిందని పద్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి బయటపడింది. పిచ్చుకకి లెక్కల టీచరంటే భయమని, కుట్టుపని టీచరంటే ఇష్టమని, పక్క బెంచీ అమ్మాయితో నెల రోజులుగా మాటల్లేవని తల్లికి తెలిసింది. ఇవన్నీ ఇదివరకు ఎక్కడున్నాయి? ఇంట్లోనే ఉన్నాయి, అడిగే లోపు అన్నం అయిపోయేది.

వారం గడిచేసరికి ఒక వింత జరిగింది. పిచ్చుక తన గిన్నెలో ఇంకా పావు వంతు ఉండగానే చెంచా పక్కన పెట్టి, కడుపు తడుముకుని చూసుకుంది.

"చాలమ్మా. నిండిపోయింది," అంది. ఆ సంగతి తనకే నమ్మబుద్ధి కానట్టు చెప్పింది.

ఈ పిల్ల నోట 'చాలు' అన్న మాట మందులమ్మ అంతకు ముందు విన్న గుర్తు లేదు. మాస్టరు చెయ్యి తనంతట తనే చెత్తబుట్ట వైపు వెళ్ళింది. సగం దారిలో ఆగింది. అతను పెద్ద నిట్టూర్పు విడిచి, ఒక డబ్బా వెతికి, మిగిలింది అందులో పెట్టి ఫ్రిజ్‌లో దాచాడు. పందొమ్మిదేళ్ళ మర్యాద మంటగలిసినట్టు మొహం పెట్టాడు గానీ, మర్నాడు పొద్దున దాన్ని తీసి వెచ్చబెట్టుకుని తనే తిన్నాడు. బాగుందని కూడా ఒప్పుకున్నాడు.

రెండో వారం ముగిసేసరికి నానమ్మ మెడ కింద ఎముకలు కాస్త కప్పుకున్నాయి. పిచ్చుక స్కర్టు హుక్కు కష్టపడకుండా పట్టింది. ఇంక పదిహేను రోజుల్లో మూడో పరీక్ష. మందులమ్మకి కౌంటరు దగ్గర నిలబడి ఉండగా ఏడెప్పుడవుతుందా అని చూడటం అలవాటయింది. ఆకలి వేసి కాదు. ఇంటికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చోవాలని అనిపించేది. ఇన్నేళ్ళలో ఇంత నిమ్మళంగా ఎప్పుడున్నానా అని ఆలోచిస్తే ఆమెకి చటుక్కున ఏదీ తట్టలేదు.

అలాంటి ఒక గురువారం సాయంత్రం. భోజనం మొదలై అరగంట దాటింది. సూపు బాగా కుదిరింది. నానమ్మ చుట్టాల కథలన్నీ ఒక రౌండు అయిపోయి, మళ్ళీ మొదటికొచ్చాయి. అప్పుడు పిచ్చుక మామూలుగా, ముక్క నములుతూ, బడి గేటు ఎదురుగా ఉన్న సైకిళ్ళ షాపు మూసేశారని చెప్పింది. గోడలు పడగొట్టి ఎర్ర రంగు వేస్తున్నారట. ఆ ఎర్రరంగు తనకి బాగా తెలుసంది.

"అది మీ షాపు కొత్త బ్రాంచే కదా నాన్నా?"

మాస్టరు గిన్నెలోకి చూశాడు. ఇదివరకయితే ఇంతలో భోజనం అయిపోయేది, అతను లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు తల్లి గిన్నెలో ఇంకా సగం ఉంది.

"అవును," అన్నాడు.

మందులమ్మ చెంచా కింద పెట్టింది. పద్నాలుగేళ్ళు కలిసి బతికిన మొగుడు. అతను ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకున్నాడంటే దాని కింద ఇంకా ఏదో ఉందన్నమాట.

"దాన్ని ఎవరు చూసుకుంటారు?" అంది.

అతను సూపు కలిపాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు.

"నన్ను అడిగారు. మేనేజరుగా."

"ఎప్పుడు?"

"నెల దాటింది. సరేనన్నాను." తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. మోకాళ్ళు ఇంక నిలబడనివ్వడం లేదని, అక్కడయితే పొయ్యి దగ్గర పని ఉండదని, కుర్చీలో కూర్చునే ఉద్యోగమని, పిల్ల బడి ఎదురుగానే కాబట్టి దాని మీద ఓ కన్నేసి ఉంచచ్చని అనుకున్నాడట. అప్పటికి ఈ రెండో రిపోర్టు రాలేదు. తర్వాత చెప్దామనుకున్నాడు, ఇంట్లో అందరూ ఇంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు. వచ్చే సోమవారం తెరుస్తారు.

మందులమ్మకి ముందు కోపం వచ్చింది. తర్వాత, రాత్రిళ్ళు అతని మోకాళ్ళకి నొప్పి మందు రాసేది తనే కదా అని గుర్తొచ్చి, ఆ కోపాన్ని ఎటు తిప్పాలో తెలీలేదు. ఇక్కడ అతని కాళ్ళు, అక్కడ బడి గేటు. రెండూ నిజమే. నానమ్మ కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుంది.

పిచ్చుక ఒక్కతే కంగారు పడలేదు. ఆలోచిస్తూ నమిలింది, మింగింది, నీళ్ళు తాగింది.

"నాన్నా, మా క్లాసులో ఇంకో ఇద్దరికి నా టెస్టే రాశారు. లివర్‌ది."

"ఎవరమ్మా వాళ్ళు?" అన్నాడు మాస్టరు. మాట మారుతుందని అతనికి కాస్త ఊపిరాడింది.

"నా బెంచీలోవాళ్ళే. నువ్వు తెచ్చిన పొట్లంలో మిగిలింది నేను పొద్దున డబ్బాలో పట్టుకెళ్ళేదాన్ని. రోజూ ముగ్గురం పంచుకునేవాళ్ళం. వాళ్ళకి నువ్వంటే చాలా ఇష్టం నాన్నా, నిన్ను చూడకపోయినా."

మాస్టరు నోట్లోది నమలడం మరిచిపోయాడు. మందులమ్మ అతని వంక చూడలేకపోయింది. తొమ్మిదేళ్ళ పొట్లాలు తమ ఇంటి బల్ల మీదే ఆగిపోయాయని ఇన్నాళ్ళూ అనుకున్నారు ఇద్దరూ.

"కొత్త షాపు ఎప్పుడు తెరుస్తారా అని వాళ్ళు నన్ను రోజూ అడుగుతున్నారు," అంది పిచ్చుక. ఆ పిల్ల మొహంలో ఎవరినీ తప్పు పడుతున్న జాడ లేదు. పైగా కాస్త గర్వం కూడా ఉంది. "అక్కడ ఉండేది మా నాన్నే అని రేపు చెప్పెయ్యనా?"